తిరుగు రింగు

యలమందకు ఒక జబ్బు ఉంది. బాగున్న వస్తువును బాగున్నట్టుగా ఉండనివ్వడు. నరసరావుపేట బస్టాండు వెనక సందులో టీవీలు బాగుచేసే కొట్టు అతనిది. చెడిపోయినవి తెస్తే బాగుచేసి ఇస్తాడు, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ సౌండు రాలేదని ఇచ్చిన టీవీకి సౌండు తెప్పించి ఊరుకోడు. బొమ్మ కూడా ఇంకాస్త మెరుగ్గా వస్తుందేమోనని లోపల చెయ్యి పెడతాడు. అలా నిజంగా మెరుగుపడ్డవీ ఉన్నాయి, వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినవీ ఉన్నాయి. ఇంట్లో ఫ్యానుకు, మిక్సీకి, ఆఖరికి పెరట్లో మోటారుకు కూడా అతను పెట్టిన అదనపు స్విచ్చులుంటాయి. ఏ స్విచ్చు దేనికో భార్య కోటిరత్నానికి తెలియదు. తెలుసుకోవాలన్న సరదా కూడా ఆమెకు లేదు.

కోటిరత్నానికి చెవులు వినపడవు. పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళికి ముందూ పెళ్ళయ్యాకా చాలా ఏళ్ళు ఊరి చివర జిన్నింగ్ మిల్లులో పనిచేసింది. పత్తిలోంచి గింజలు వేరుచేసే మిషన్లు సీజనంతా ఆగకుండా మోగుతూనే ఉంటాయి. ఆ మోత మొదట ఆమెకు చిన్న మాటలు లేకుండా చేసింది, తర్వాత పెద్ద మాటలు, ఆఖరికి రేకుల మీద వాన చప్పుడు కూడా. చెవుల్లో కాస్త దూది పెట్టుకోండమ్మా అని చెప్పిన మహానుభావుడు ఒక్కడూ లేడు. పొద్దస్తమానం దూదిలో కూర్చుని, చెవిలో పెట్టుకోను దూది లేక చెవులు పోగొట్టుకున్న ఆడమనిషి ఆ మిల్లులో ఆమె ఒక్కతే కాదు.

సర్దార్‌బీ పరిచయమైంది అక్కడే. ఇద్దరివీ ఎదురెదురు మిషన్లు. ఆ మోతలో గొంతు చించుకున్నా లాభం లేదు కాబట్టి మిల్లులో ఆడవాళ్ళు గొంతు వాడటం మానేసి ఉత్త పెదవులతో మాట్లాడుకునేవాళ్ళు. మేస్త్రీని తిట్టుకోవడం, మొగుళ్ళ మీద చెప్పుకోవడం, కూరల సంగతులు, అన్నీ అలాగే నడిచేవి. ఆ ఇద్దరూ ఒకరినొకరు వదినా అంటే వదినా అనుకున్నారు. వదినల వరస ఊరికే పెట్టుకోరు మనవాళ్ళు. వదినంటే ఎంత మాటైనా అనొచ్చు, ఎంత ఎగతాళైనా చేయొచ్చు, అవతలి మనిషి నవ్వి తీరాలి. కోటిరత్నానికి చెవులు పూర్తిగా పోయాక చుట్టాలందరూ ఆమెతో మాట్లాడటం తగ్గించారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని ఆమె ముందే అన్నవాళ్ళున్నారు, ఎలాగూ వినపడదన్న ధైర్యంతో. ఆమెకు పెదవులు చదవడం వచ్చునని వాళ్ళకు తెలియదు. సర్దార్‌బీకి మాత్రం ఏ మార్పూ కనపడలేదు. ఆమె దృష్టిలో వాళ్ళు ఎప్పుడూ మాట్లాడుకున్నట్టే మాట్లాడుకుంటున్నారు.

తర్వాత సర్దార్‌బీ కొడుక్కి సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికి, ఆ కుటుంబం దాచేపల్లి వెళ్ళిపోయింది. పెదవులు కనపడకుండా మాట్లాడుకోవడం ఎట్లా? పొదిలిలో కాపురముంటున్న కూతురు భవ్య అయితే సాయంత్రాలు తండ్రి ఫోనుకు వీడియో కాల్ చేస్తుంది, తెర మీద నోరు చూసి కోటిరత్నం మాటలు పట్టుకుంటుంది. సర్దార్‌బీది బటన్ల ఫోను. పిల్లలు ఎంత పోరినా ఆమె దాన్ని మార్చలేదు. అందుకని ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. పొద్దున నమాజు చేసుకుని స్టవ్ వెలిగించాక సర్దార్‌బీ ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తుంది. కోటిరత్నం బొడ్లో దోపుకున్న ఫోను ఒకసారి అదురుతుంది. ఆమె వెంటనే తిరుగు రింగు ఇస్తుంది, అదీ ఒక్కటే. నేను లేచాను, నువ్వు లేచావా? లేచాను, బాగానే ఉన్నాను. అంతే సంగతులు. మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్ళంటే మనలో కొందరికి చులకన. ఈ ఇద్దరికీ అదే పలకరింపు. ఆ పనికి కోటిరత్నం వాడే మాట కూడా అదే. ‘వదిన పలికింది’ అనేది.

యలమందకు ఈ సంగతి తెలియదా అంటే, ఆ వేళకు అతను పళ్ళు తోముకుంటూనో, కొట్టు తాళాలు వెతుక్కుంటూనో ఉంటాడు. ఎప్పుడో ఒకసారి ఆమె చెప్పే ఉంటుంది. అతను వినే ఉంటాడు. చెవులు బాగున్నవాళ్ళ వినికిడి ఏపాటిదో మనకు తెలియంది కాదు.

మిల్లు మానేశాక కోటిరత్నం ఇంట్లో జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. గుమ్మంలోకి ఎవరు వచ్చారో తెలియాలని మిషను ఎదురుగా గోడకు ఒక అద్దం పెట్టుకుంది. అది మామూలు అద్దం, తన పని తాను చేసుకుంటూ ఉంది. పోయిన ఏడాది యలమంద కళ్ళు దాని మీద పడ్డాయి. వెనక వెలుతురుంటే గాజులా, లేకపోతే అద్దంలా పనిచేసే పలక ఒకటి గుంటూరు నుంచి తెప్పించాడు. దాని వెనక ఒక పాత టీవీ తెర బిగించి, అరచేతిలో పట్టేంత కంప్యూటరు బోర్డు ఒకటి తగిలించాడు. అద్దంలో ఒక మూల టైము, ఒక మూల ఆ రోజు తిథి, ఎండ వేడి వెలిగాయి. వీధిలో వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. కోటిరత్నం కూడా చూసి, “ఎండ ఎంతుందో బయటికి పోతే తెలవదా” అంది. ఆ మాట అతనికి గుచ్చుకుంది.

ఆమెకు నిజంగా పనికొచ్చేది చేసి చూపించాలని కంకణం కట్టుకున్నాడు. మిషను తొక్కుతున్నంతసేపూ ఒళ్ళంతా అదురుతుంటుంది, ఇక ఫోను అదురు ఎక్కడ తెలుస్తుంది? ఎత్తితే, అవతలి మాట వినపడకపోయినా జాకెట్టు ఎప్పుడిస్తుందో తను చెప్పేస్తుంది; అదీ లేక జాకెట్లు ఇచ్చినవాళ్ళు ఫోన్లు చేసి చేసి విసుక్కుంటున్నారు. ఫోను వస్తే ఎవరు చేస్తున్నారో అద్దంలో చూపించే ప్రోగ్రాము ఎవరో పుణ్యాత్ముడు ఇంటర్నెట్లో ఊరికే పెట్టి ఉంచాడు. మాడ్యూల్ అంటారు దాన్ని. అది ఎక్కడో చలిదేశంవాళ్ళ ఇళ్ళకు సరిపోయేలా రాసింది. దాన్ని తన ఇంటికి సరిపోయేలా మార్చడానికి యలమంద నానా తంటాలు పడ్డాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాడు, వీడియోలు ఆపి ఆపి చూశాడు. తెలుగు పేర్లు పెడితే ముందు ఖాళీ డబ్బాలు వచ్చాయి. తర్వాత అక్షరాలు వచ్చాయిగానీ గుడులూ కొమ్ములూ ఎటువి అటు ఎగిరిపోయాయి. వాటన్నిటినీ బతిమాలి దారికి తెచ్చాడు.

పేర్లు మాత్రం కోటిరత్నమే చెప్పింది, తను పిలుచుకునేట్టే ఉండాలని. చర్చి వీధి నుంచి జాకెట్లు తెచ్చే టీచరమ్మ ‘లిడియా మేడం’ అయింది. యలమంద ‘ఆయన’ అయ్యాడు. సర్దార్‌బీ ‘వదిన’ అయింది. ఇక బొడ్లో మోయక్కర్లేదని ఆమె ఫోనును అద్దం వెనక చిన్న పెట్టెలో చార్జింగు పెట్టి మూశాడు, ఆమె ఎవరికైనా చేయాలంటే మూత తీస్తే చాలు. మర్నాడు పొద్దున అద్దంలో తన మొహం పక్కనే ‘వదిన’ అని వెలిగి ఆరిపోయేసరికి కోటిరత్నం ఆ చోట వేలు పెట్టి చూసింది. పెళ్ళినాటి తర్వాత ఆమె తనవంక అంత మెచ్చుకోలుగా చూడటం అదేనని యలమందకు అనిపించింది. ఆ రోజంతా కొట్లో ఈల వేస్తూనే ఉన్నాడు.

అక్కడితో ఆపేస్తే అతను యలమంద ఎందుకవుతాడు.

షాజాదీ పెళ్ళి వచ్చింది. సర్దార్‌బీ కూతురామె. పెళ్ళి జాకెట్టు కుట్టింది కోటిరత్నమే. తీరా వేసుకుంటే చేతులు బిగుతయ్యాయి. దాచేపల్లిలో పెళ్ళివారింటి నిండా జనం ఉండగా సర్దార్‌బీ ఆ జాకెట్టు చెయ్యి ఎత్తి చూపించి, “చెవులతో పాటు కళ్ళు గూడా పోయినయ్యా ఏంది వదినా” అంది. అందరూ నవ్వారు. వరసకు తగ్గ ఎగతాళే, దానికి కోటిరత్నం నవ్వి, రెట్టింపు మాట ఒకటి అనాల్సింది. నవ్వనైతే నవ్వింది. కానీ చుట్టూ కదులుతున్న అన్ని నోళ్ళలో ఏ మాట తన గురించో తెలియక ఆమెకు ఉక్కిరిబిక్కిరి అయింది. కడుపులో నొప్పని చెప్పి భోజనం చేయకుండానే బయల్దేరదీసింది. యలమంద అప్పటికే రెండోసారి బిర్యానీ వడ్డించుకున్నాడు, సగంలో లేచి రావాల్సి వచ్చింది. పెళ్ళింట్లో తినకుండా రావడమంటే చిన్న సంగతి కాదు. బస్సు ఎక్కేలోపే కోటిరత్నం మనసు పీకడం మొదలైంది.

పెళ్ళి నుంచి వచ్చిన రాత్రే యలమంద అద్దాన్ని మళ్ళీ విప్పాడు. కారణం లేకపోలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళ ఫోన్లకు అద్దంలో ‘ఎవరో’ అని వచ్చేట్టు పెట్టాడు. అమరావతిలో ప్లాట్లు కొంటారా అనేవాళ్ళు, లోను కావాలా అనేవాళ్ళు, ఒక్క రింగు ఇచ్చి కట్ చేసి మనచేత తిరిగి చేయించుకునే మోసగాళ్ళు, వీళ్ళంతా కలిసి అద్దం నిండా ఎవరో, ఎవరో, ఎవరో అని వెలిగించేవాళ్ళు. వెలిగినప్పుడల్లా కోటిరత్నం తలెత్తేది. ఆ సాయంత్రమే అలా తలెత్తి సూది వేలిలోకి దించుకుంది. రక్తం చూసి యలమంద తట్టుకోలేకపోయాడు. అవసరం ఉన్నవాడెవడైనా మూడో రింగు దాకా ఆగుతాడు, దొంగలే ముందు కట్ చేస్తారు అని తీర్మానించుకున్నాడు. మూడో రింగు దాకా మోగని ఫోను ఏదైనా సరే అద్దంలో కనపడకూడదని ఒక షరతు రాశాడు. తన ఫోను నుంచి చేసి చూసుకున్నాడు. మూడో రింగుకు ‘ఆయన’ అని చక్కగా వెలిగింది. భార్య మీద ప్రేమతోనే రాశాడు ఆ షరతు. అది అందరికీ కలిపి రాశాడు, అదీ వచ్చిన చిక్కు.

మర్నాటి నుంచి ‘వదిన’ వెలగలేదు.

కోటిరత్నం మొదట పెళ్ళి పనుల అలసట అనుకుంది. ఆ తర్వాత ఒకరోజు, అన్నం పెడుతూ, “వదిన పలకటం మానేసింది” అంది.

యలమందకు అది ఆడవాళ్ళ మాటపట్టింపులా వినిపించింది. “నాలుగు రోజులు పోతే అదే పలుకుద్ది” అన్నాడు, ఆమెకు కనపడేలా మొహం తిప్పి.

“తినకుండా వచ్చాంగా. అందుకే కోపం.”

“మరి నువ్వే పలకరాదూ?”

“ఎప్పుడూ తనే ముందు పలికిద్ది. ఇప్పుడు పలకట్లేదంటే వద్దనేగా. పిలవని పేరంటానికి నేనెందుకు పోతా?”

ఒక్క మాట, పలకటం అంటే ఏంటే నీ ఉద్దేశం అని ఒక్క మాట అతను అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. అడగలేదు. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి చెయ్యి కడుక్కున్నాడు.

పొద్దున పూట ఆమె అద్దం ముందు కూర్చుని, కుట్టకుండా, దానివంక చూస్తూ ఉండేది. అది చూసి అద్దం ఆమెకు ఎంత నచ్చిందో అని అతను లోలోపల మురిసిపోయేవాడు. ఆమె చెయ్యి వెనక పెట్టె దాకా వెళ్ళి మళ్ళీ ఒళ్ళోకి వచ్చేది. తప్పు తనదేనని, ముందు పలకాల్సింది తనేనని ఆమెకూ తెలుసు. కానీ నిండు సభలో కళ్ళు పోయాయా అనిపించుకున్న మనిషికి ఆ మాత్రం బెట్టు ఉండదా? వదిన ఒక్కసారి పలికితే చాలు, మరుక్షణం తిరుగు రింగు ఇచ్చేద్దామని కాచుకుని ఉంది. అద్దం ఏమీ చెప్పలేదు. ఫోనులో వచ్చిపోయిన కాల్స్ వెతికి చూడటం ఆమెకు అలవాటు లేదు. ఆ అద్దం అబద్ధం చెబుతుందని ఆమెకు తోచే అవకాశమే లేదు, పెట్టింది మొగుడాయె.

మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోసే రోజుల్లో ఒకనాటి పొద్దున కొట్టుకు ఫోను వచ్చింది. సర్దార్‌బీ కొడుకు. పొద్దున నమాజయ్యాక స్టవ్ ముందు కూలబడిపోయిందట తల్లి, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయిందట.

ఇంటికి వచ్చి యలమంద ఆ సంగతి చెబితే కోటిరత్నం మూడుసార్లు చెప్పించుకుంది. పెదవులు అర్థంకాక కాదు. బస్సులో ఆమె ఏడవలేదు. దారి పొడుగునా కళ్ళాల మీంచి వచ్చే మిరప ఘాటుకు బస్సులో అందరి కళ్ళూ నీళ్ళు కారుతున్నాయి, ఆమెవి మాత్రం పొడిగా ఉన్నాయి.

దాచేపల్లిలో ఆడవాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని వెళ్ళి సర్దార్‌బీ పక్కన కూర్చుంది. తెల్లబట్టలో మొహం ఒక్కటే కనపడుతోంది. ఈ లోకంలో కోటిరత్నం ఏనాడూ మళ్ళీ చెప్పమని అడగక్కర్లేని పెదవులు అవి. వాటివంకే చూస్తూ కూర్చుంది. షాజాదీ ఆమె భుజం మీద తల పెట్టి ఏదో చెబుతూ ఏడ్చింది, కానీ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కోటిరత్నానికి ఒక్క ముక్కా అందలేదు. మగవాళ్ళు శవాన్ని లేపుకుని వెళ్ళిపోయారు.

యలమంద ఖబరస్తాన్ దాకా వెళ్ళి తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే షాజాదీ పక్కకు వచ్చి నిలబడింది.

“మావయ్యా, అత్తకి మా అమ్మీ మీద అంత కోపమా?”

“కోపమేందమ్మా?”

“రోజూ పొద్దున రింగ్ ఇచ్చేది. ఇయ్యాల గూడా ఇచ్చాకే కూలబడింది. ఒక్కసారన్నా తిరిగి ఇవ్వలా అత్త. పుట్టింటికి వచ్చినప్పుడల్లా నేను తిట్టా, నీకు సిగ్గు లేదా అమ్మీ, మానెయ్యి అని. ‘మీ అత్త అలిగిందే, అలక తీరితే పలుకుద్దిలే’ అనేది అమ్మీ. నన్ను తీసుకుని ఒకసారి పేట మీ ఇంటికి పోదామంది. నేనే వద్దన్నా.”

యలమంద చేతిలో చెంబు అలాగే ఉంది. ఒక్క రింగు. రోజూ ఒక్క రింగు. వదిన పలకటం మానేసింది. షాజాదీకి ఏం చెప్పాడో అతనికే తెలియదు, ఏదో నసిగాడు.

పిడుగురాళ్ళలో బస్సు మారాలి. బస్టాండులో ఇద్దరూ నిలబడ్డారు. సాయంత్రపు ఎండ, సున్నపు దుమ్ము, చుట్టూ ఊళ్ళకు పోయే జనం. తన గొంతు ఎంత పెద్దదో కోటిరత్నానికి తెలియదు కాబట్టి పదిమందికీ వినపడేట్టు అంది, “చచ్చేదాకా పట్టుబట్టింది చూడు. ఒక్కసారన్నా పలకలా.”

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన యలమందకు రాలేదంటే అబద్ధమే. ఇంటికి పోయి, అద్దం విప్పి, ఆ ఒక్క షరతు చెరిపేస్తే నేరం మాసిపోతుంది. షాజాదీని ఎలాగోలా సముదాయించవచ్చు. కానీ ఈ మనిషి మిగిలిన బతుకంతా వదిన కోపంతో పోయిందనుకుంటూ బతకాలి. చెబితే ఇంకెంత ఘోరమైంది తెలుసుకుని బతకాలి. రెండిట్లో ఏది తక్కువ దెబ్బో అతనికి తేలలేదు. తేలలేదుగానీ, ఆమెను ఆ అబద్ధంలో కూర్చోబెట్టి పక్కన అన్నం తినడం తనవల్ల కాదనిపించింది.

భుజం పట్టి తనవైపు తిప్పుకున్నాడు. “రత్నం, నా మొకం చూడు. వదిన పలికింది.”

“ఏందీ?”

“రోజూ పలికింది. రోజూ పొద్దున రింగ్ ఇచ్చింది. ఇయ్యాల గూడా. నీకు అద్దంలో కనపడలా. నేనే కనపడకుండా పెట్టా. మూడు రింగులు మోగకపోతే చూపించొద్దని రాశా. ఆ ఎదవ ఫోన్ల కోసం రాశా. వదిన సంగతి నాకు తట్టలా.”

ఆమె అతని నోటివంక చూస్తూనే ఉంది. ముందు ఆ మొహంలో వచ్చింది ఏడుపు కాదు. అతను భయపడినట్టు కోపమూ కాదు. వెలుగు వచ్చింది. ఇన్ని రోజులుగా లేని వెలుగు.

“పలికిందా? అయితే కోపం లేదా వదినకి?”

“లేదు. ఏనాడూ లేదు.”

“నేను తినకుండా వచ్చినా లేదా?”

“లేదంట.”

“చూశావా. నాకు తెలుసయ్యా. వదిన అట్టాంటిది కాదు. మనసులో పెట్టుకునే మనిషి కాదు.” కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది కూడా. పక్కన బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు.

ఆ నవ్వు ఎంతోసేపు ఉండదని యలమందకు తెలుసు. దాన్ని ఆపి ఉంచడానికి చేయగలిగిందేదైనా ఉంటే చేసేవాడే. నరసరావుపేట బస్సు వచ్చి ఆగింది, జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. అతను ఆమె చెయ్యి పట్టుకుని రెండడుగులు వేశాడు. ఆమె కదలలేదు.

“మరి నేను తిరిగి పలకలేదుగా.”

అతను చెయ్యి వదిలి ఆమెవైపు తిరిగాడు.

“రోజూ పలికితే, నేను ఒక్కరోజు గూడా తిరిగి పలకలేదుగా. నాకు కోపమనుకుందా?”

అబద్ధం చెబుదామని నోరు తెరిచాడు. ఆమె కళ్ళు తన పెదవుల మీదే ఉన్నాయి. ఆ కళ్ళకు అబద్ధం చెప్పలేకపోయాడు. “అలక తీరితే పలుకుద్దిలే అనేదంట షాజాదీతో” అన్నాడు.

“అట్టా అనుకుంటానే పోయిందా?”

యలమంద తల ఊపాడు. బస్సు కదిలి వెళ్ళిపోయింది. ఆమె ఆ దుమ్ములోనే, ఎండలోనే నిలబడి, చుట్టూ ఎవరున్నారో, ఎవరు వింటున్నారో పట్టకుండా, అతన్ని తిట్టకుండా, కొట్టకుండా, ఒక్కటే అడిగింది.

“నాకు కోపం లేదని ఇప్పుడు వదినకెవరు చెప్తారయ్యా?”